బరువు ముందు, గింజ తర్వాత



ఇక్కడున్నవాళ్లలో విత్తనం కట్టే రైతులే ఎక్కువ. వాళ్ల పక్కన ఉద్యాన విద్యార్థులు కూర్చున్నారు. అందుకే భారీ గుమ్మడి గురించి బరువు కబుర్లు రెండు చెప్పేసి, దాని కడుపులోని గింజ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

2025 అక్టోబరులో ఇంగ్లండులో ఇయాన్, స్టువర్ట్ పేటన్ అనే కవల సోదరుల కాయ 1,278 కిలోల పైచిలుకు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. ఇలాంటి కాయల వంశమంతా కెనడాలోని నోవా స్కోషియాలో మొదలైందనే చెప్పాలి. అక్కడ విండ్సర్ ఊళ్లో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఏరి ఏరి నిలబెట్టిన రకం అట్లాంటిక్ జెయింట్. 1981లో ఆయన కాయ 493.5 పౌన్లు తూగింది, అంటే సుమారు 224 కిలోలు. అప్పట్లో అదే గొప్ప. శాస్త్రం ప్రకారం ఇది కుకుర్బిటా మాక్సిమా. మనం కూర వండుకునే తీపి గుమ్మడి ఎక్కువగా మోస్చాటా జాతిది. అయితే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సూర్యముఖి కూడా మాక్సిమానే. దాని కాయ కిలో దగ్గర ఆగిపోతుంది. జాతి ఒకటే, ఒక చోట కిలో, ఇంకో చోట వెయ్యి కిలోలు. ఎరువూ నీళ్లూ ఎంత పెట్టినా ఈ దూరం పూడదు. అది గింజలో ఉంది.

అందుకే భారీ గుమ్మడి పండించేవాళ్లు గింజకు పేరు పెట్టి పిలుస్తారు. 2012లో అమెరికాలో రాన్ వాలస్ పండించిన 2,009 పౌన్ల కాయలోని గింజల పేరు ‘2009 వాలస్’. ఆ అంకె తల్లికాయ బరువు, ఏడాది కాదు. ఆ గింజల్లో ఒకటి స్విట్జర్లాండులో బేని మయర్ చేతిలో 2014లో 1,054 కిలోల కాయ కాసింది. కానీ ఆ పేరు తల్లి గొప్పే చెబుతుంది. పువ్వు మీద ఎవరి పుప్పొడి పడిందన్నది కాయ బరువులో కనబడదు, కాయ గుజ్జంతా తల్లి తీగదే. తండ్రి వాటా ఉండేది గింజలోనే, అదీ సగానికి సగం. కాబట్టి పోటీ మొనగాళ్లు ముందురోజు సాయంత్రమే రేపు విచ్చబోయే ఆడమొగ్గకూ మగమొగ్గకూ గుడ్డ కట్టి, తెల్లవారగానే చేత్తో పుప్పొడి రాసి, మళ్లీ కట్టేస్తారు. పొద్దెక్కితే పుప్పొడి చచ్చుబడుతుంది.

పుప్పొడి రాసిన ఆ రోజు నుంచి రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి కాయది, ఒకటి గింజది. ఈ రెండూ కలిసి నడవవన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట.

సుమారు ఇరవయ్యో రోజున కాయ కోసి చూస్తే గింజలు పూర్తి సైజుకు వచ్చేసి తెల్లగా నిగనిగలాడుతుంటాయి. చూసినవాళ్లెవరైనా విత్తనం తయారైందనుకుంటారు. పెంకు విప్పితే లోపల జిగట నీళ్లు. మొనవైపున పిండం చుక్కంత. అక్కణ్ణుంచి అది జిగటను తాగుతూ వెడల్పు కొసవైపు సాగుతుంది. ముప్పై అయిదు, నలభై రోజుల నాటికి పెంకు నిండుతుంది. అప్పుడూ పని అయిపోలేదు. నూనె, మాంసకృత్తులు పప్పులోకి చేరడం యాభై అయిదో రోజు దాకా సాగుతుంది. ఇక కాయ మహావేగంగా ఊరేది ఇరవై, ముప్పై రోజుల మధ్య. మేలైన తీగ మీద రోజుకు ఇరవై కిలోలు పైన పెరుగుతుంది. అంటే కాయ తూకం ఉరకలేసే రోజుల్లో గింజ ఇంకా తాలే.

కాయ చీలేదీ తరచూ ఆ వేగంలోనే. నలభయ్యో రోజున చీలిన కాయలో వందల గింజలు దొరుకుతాయి, ఆరబెడితే చాలావరకు అట్టముక్కల్లా అణిగిపోతాయి. అరవై దాటాక చీలితే విత్తనం దక్కుతుంది. పగులు లోపలి గుల్ల దాకా పోయిన కాయను పోటీలో కొట్టేస్తారు గాని, అదే కాయ గింజకు గిరాకీ తగ్గదు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. చీలని కాయకు ఇంకో వీలుంది: కాస్త ముందుగా కోసినా, నిల్వలో ఉండగా గుజ్జులోని సారం లాక్కుని గింజ నిండుతూనే ఉంటుంది. చీలిన కాయ కుళ్లుతుంది కనుక ఆ గడువు ఇవ్వదు.

మరీ ఆలస్యమూ మంచిది కాదు. వెచ్చటి చోట ముదిరి మగ్గిన కాయ కోస్తే లోపలే మొలకలెత్తిన గింజలు కనబడతాయి. సమయానికి తీసిన గింజను పీచు వదిలేలా కడిగి, జల్లెడ మీద పలచగా పరిచి, నీడలో ఫ్యాను గాలికి తరచూ తిప్పుతూ ఆరబెట్టాలి. ఎర్రటి ఎండ వద్దు. విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగకూడదు. అలా ఆరిన గింజను గాలి చొరబడని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఏళ్లు నిలుస్తుంది. నీళ్లలో వేసి తేలినవి పారేసే అలవాటు గుమ్మడికి పనికిరాదు. పెంకుకూ పప్పుకూ మధ్య గాలి ఉంటే గట్టి గింజ కూడా తేలుతుంది. బొటనవేలితో నొక్కి చూడడం నయం. భారీ గుమ్మడి గింజకు పెంకు దళసరి, అందుకే నాటేముందు అంచులు ఆకురాయితో కాస్త అరగదీస్తారు. మొన జోలికి మాత్రం పోరు, వేరు వచ్చేది అక్కణ్ణుంచే. ముప్పై డిగ్రీల వెచ్చదనం ఉంటే మొలక త్వరగా వస్తుంది.

మీరు కట్టేది గుమ్మడైనా బీరైనా దోసైనా, ఒక్కటి అడుగుతాను. పుప్పొడి రాసిన రోజునే తేదీ వేసిన చీటీ ఒకటి తొడిమకు కట్టండి. కాయ సైజు చూసి కోయకండి, చీటీ చూసి కోయండి.