పిల్లలకు శాంప్లర్ కొనేముందు
(ప్లెయిన్స్‌బరోలో తెలుగు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

మన ప్లెయిన్స్‌బరో పిల్లలు పొద్దున సంగీతం క్లాసులో సరళీ స్వరాలు పాడి, సాయంత్రం హెడ్‌ఫోన్లు తగిలించుకుని బీట్లు కడుతున్నారు. ఈ రెంటినీ కలపగల పెట్టె శాంప్లర్. ఏ శబ్దాన్నయినా పట్టి, ముక్కలు చేసి, ప్యాడ్ల మీద వాయించుకోనిస్తుంది. అది అమ్మమ్మ పాడిన మంగళహారతి కావచ్చు, రోకటి పోటు కావచ్చు.

1987లో వచ్చిన ఎస్‌పీ-1200లో పట్టేది మొత్తం పది సెకన్ల శబ్దమే. మరుసటి ఏడాది రోజర్ లిన్ అకాయ్ కోసం రూపొందించిన ఎంపీసీ-60 ధర సుమారు 5 వేల డాలర్లు. హిప్‌హాప్ కుర్రాళ్ళు ఆ పది సెకన్లలోనే సంసారం చక్కబెట్టుకున్నారు. కనుక ఖరీదు ఎక్కువైతే సంగీతం ఎక్కువ వస్తుందనుకోకండి.

కొనేటప్పుడు మొదట అడగవలసింది మెమరీ గురించి కాదు, "ఇది తనంతట తాను రికార్డు చేస్తుందా?" అని. కోర్గ్ వోల్కా శాంపిల్, ఎలెక్ట్రాన్ మోడల్:శాంపిల్స్ చవకే, మంచివే. కానీ వాటిలో శబ్దం పట్టే దారి లేదు. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తయారు చేసి ఎక్కించాలి. పేరులో శాంపిల్ ఉంది కదా అని కొని, ఇంటికొచ్చి మైకు దూర్చడానికి కన్నం వెతుక్కుంటారు!

టీనేజ్ ఇంజనీరింగ్ వారి పీఓ-33 అరచేతిలో ఇముడుతుంది. మైకు అందులోనే ఉంది. మొత్తం 40 సెకన్లు పడుతుంది. పదేళ్ళ పిల్లకి ఇది చాలు. అదే కంపెనీ 2023లో తెచ్చిన ఈపీ-133 విడుదల ధర 299 డాలర్లు, మన న్యూజెర్సీ పన్ను 6.625 శాతం కలిపితే 318 దాటుతుంది. దీనిలోనూ మైకు ఉంది, కానీ ఒక్కో శాంపిల్ 20 సెకన్లకు మించదు. కీర్తనలో ఒక సంగతి పడుతుంది, పల్లవి అంతా పట్టదు. హైస్కూలు పిల్లవాడు గట్టిగా పట్టుబడితే నా ఓటు 2021 నాటి రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2కి. అది సుమారు 500 డాలర్లకు వచ్చింది. లోపల 16 గిగాబైట్లు, మైకు తగిలించే చోటు, ఆరు బ్యాటరీలతో నడిచే వీలు ఉన్నాయి.

దుకాణంలో రెండు పరీక్షలు చెయ్యండి. ఆదితాళం ఏ పెట్టె అయినా వేస్తుంది. మిశ్రచాపు, అంటే ఏడు మాత్రలు, వెయ్యమనండి. చాలా పెట్టెలు నాలుగు లెక్కలోనే పుట్టాయి. రెండోది శ్రుతి. పాటను పై ప్యాడ్‌లో వాయిస్తే శ్రుతితో పాటు వేగమూ పెరిగి, గమకం కోతికూతలా వినిపిస్తుంది. అందుకని వేగం మారకుండా శ్రుతి మార్చగలదా అని అడగండి. లేకపోతే అమ్మమ్మ చేత పిల్లవాడి శ్రుతిలోనే పాడించడం ఉత్తమం.

సెకండ్‌హ్యాండ్ అయితే ప్రతి ప్యాడూ మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. ముందు అరిగేవి అవే.

ఇక సినిమా పాటలు కోసుకోవడం గురించి. ఇంట్లో నేర్చుకోవడానికి వాడుకోవడం వేరు, అమ్మడం వేరు. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన "అడిక్టివ్"లో లతా మంగేష్కర్ హిందీ పాటను అడక్కుండా వాడుకున్నారు. సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వెయ్యకుండా ఆ ఆల్బమ్ అమ్మరాదని 2003లో అమెరికా కోర్టు ఆంక్ష పెట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళ గొంతుకైతే ఆ బెడద లేదు, వాళ్ళను ఒక మాట అడిగితే చాలు. వచ్చే వేసవికి వాళ్ళు వచ్చినప్పుడు ముందు పాటంతా ఒకే బిగిన రికార్డు చేసి, కంప్యూటర్‌లో ఒక ప్రతి దాచి, ఆ తరువాతే పిల్లవాడి చేతికి కత్తెర ఇవ్వండి.