ప్రాణవాయువు లేనిచోట శ్వాస

రసాయనశాస్త్ర బోధనకే జీవితాన్ని వెచ్చించిన అధ్యాపకుని పేర వెలసిన వేదిక ఇది. అందుకే రసాయనానికీ, జీవశాస్త్రానికీ, భూగర్భశాస్త్రానికీ ఉమ్మడి సొత్తయిన విషయాన్ని ఎంచుకున్నాను. కొన్ని బాక్టీరియాలు తమ ఒంటి బయట ఉన్న లోహపు ఆక్సైడ్లకు ఎలక్ట్రాన్లను అందించి బతుకుతాయి. ఎలాగో చూద్దాం.

తిన్న ఆహారం నుంచి కణం ఎలక్ట్రాన్లను లాగుతుంది. వాటిని మెట్టు మెట్టుగా దించుతూ శక్తిని రాబట్టుకుంటుంది. చివరి మెట్టు దగ్గర వాటిని పుచ్చుకునే పదార్థం ఒకటి ఉండాలి; లేకపోతే పైనుంచి పని అంతా ఆగిపోతుంది. మనలో ఆ పదార్థం ఆక్సిజన్. అది దొరకనిచోట నైట్రేటుతో సరిపెట్టుకునే బాక్టీరియాలు ఉన్నాయి. ఈ రెండూ నీటిలో కరిగి కణాన్ని చేరగలవు. ఇనుప తుప్పు, మాంగనీస్ డయాక్సైడ్ అలా కావు. అవి దాదాపు కరగని గట్టి రేణువులు. కణంలోకి రానివాటితో శ్వాస సాగదన్న అభిప్రాయం చాలాకాలం బలంగా ఉండేది.

ఆ అభిప్రాయాన్ని కదిలించింది అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఒనైడా సరస్సు. అక్కడ మాంగనీస్ రూపం మారే వేగం ఉత్త రసాయన చర్యలతో పొసగడం లేదని కెన్నెత్ నీల్సన్ గమనించారు. ఆయన, చార్లెస్ మైయర్స్ కలిసి సరస్సు అడుగు మట్టి నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి, 1988లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఆక్సిజన్ లేనప్పుడు మాత్రమే అది మాంగనీస్ ఆక్సైడును క్షయకరణం చేస్తోంది, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందిస్తోంది. ఆ చర్య ఆధారంగా పెరుగుతోంది కూడా. దాని నేటి పేరు షెవనెల్లా ఒనైడెన్సిస్ ఎంఆర్-1. లాక్టేట్ అణువు ఎసిటేటుగా మారినప్పుడు 4 ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఒక్కో మాంగనీస్ డయాక్సైడ్ 2 ఎలక్ట్రాన్లు తీసుకుని, కరిగే మాంగనీసుగా మారుతుంది. దాదాపు అదే కాలంలో డెరెక్ లవ్లీ బృందం పోటోమాక్ నది అడుగు మట్టిలో, ఇనుప ఆక్సైడుతో బతికే మరో జీవిని పట్టుకుంది. అది జియోబాక్టర్ వర్గానికి చెందినది.

ఎలక్ట్రాన్ బయటికి వచ్చే దారి ఏది? షెవనెల్లాకు రెండు పొరలు. లోపలి పొరలోని సైమ్‌ఏ అనే ప్రోటీన్ ఎలక్ట్రాన్లను అందుకుని రెండు పొరల మధ్య ఉన్న ప్రోటీన్లకు ఇస్తుంది. బయటి పొరలో ఎంటీఆర్-బీ అనే గొట్టంలాంటి ప్రోటీన్ ఉంది. ఎంటీఆర్-ఏ అందులో దూరి ఉంటుంది. ఎంటీఆర్-సీ బయటివైపు నిలుస్తుంది. ఈ చివరి రెండింటిలో ఒక్కోదానికి 10 చొప్పున, మొత్తం 20 హీమ్‌లు. మన రక్తానికి ఎరుపునిచ్చే ఇనుప అమరికకు ఇవి బంధువులే. స్లాబు వేసేరోజు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చినట్టు, ఒక హీమ్ నుంచి పక్క హీమ్‌కు ఎలక్ట్రాన్ గెంతుతుంది. ఎవరూ చోటు కదలనక్కరలేదు. సరుకు మాత్రం పొర దాటుతుంది.

ఆ గొలుసు కొస ఖనిజానికి తగలనప్పుడు మరో ఉపాయం ఉంది. షెవనెల్లా బి2 విటమిన్ అయిన రైబోఫ్లావిన్‌ను బయటికి వదులుతుంది. అది ఎలక్ట్రాన్లను మోసుకుపోతుంది. ఎలక్ట్రోడు మీద పెరిగిన షెవనెల్లా చుట్టూ పేరుకున్న రైబోఫ్లావిన్‌ను తొలగించగానే ఎలక్ట్రాన్ల బదిలీ 70 శాతానికి పైగా పడిపోయిందని 2008లో తేలింది.

జియోబాక్టర్ సంగతి వేరు. దాని ఒంటిమీది సన్నని పోగులు విద్యుత్తును ప్రసారం చేస్తాయని 2005లో ప్రకటించారు. వాటికి నానోతీగలని పేరొచ్చింది. అవి పిలై అనే ప్రోటీను పోగులని అప్పట్లో భావించారు. 2019లో సూక్ష్మదర్శిని కింద అణువుల అమరిక దాకా చూస్తే, ఆ పోగుల్లో కనిపించినవి ఒకదానికొకటి అతుక్కున్న ఓఎంసీ-ఎస్ అనే సైటోక్రోములు, అంటే హీమ్‌లున్న ప్రోటీన్లు. అక్కడా హీమ్‌ల వరసే. షెవనెల్లాకూ ఉన్న ఇలాంటి 'తీగలు' దాని బయటి పొర సాగి ఏర్పడినవని అంతకుముందే, 2014లో తెలిసింది.

ఈ చర్యతో మనకు లాభమా, నష్టమా? రెండు చోట్లు చూడండి. కొలరాడోలోని రైఫిల్‌లో యురేనియంతో కలుషితమైన భూగర్భజలంలోకి 2002లో ఎసిటేట్ ఎక్కించారు. జియోబాక్టర్ జాతులు పెరిగాయి. కరిగిన యురేనియం ఎలక్ట్రాన్లు పుచ్చుకుని కరగని రూపంలోకి మారడంతో నీటిలో దాని మోతాదు తగ్గింది. కొన్నాళ్లకు సల్ఫేటును వాడుకునే బాక్టీరియాలది పైచేయి కాగానే మోతాదు మళ్లీ పెరిగింది. ఇక పశ్చిమ బెంగాల్ మట్టి నమూనాలతో మాంచెస్టర్ పరిశోధకులు చేసిన ప్రయోగం 2004లో 'నేచర్'లో వచ్చింది. అక్కడా ఎసిటేటే మేత, అక్కడా లోహాలను క్షయకరణం చేసే బాక్టీరియాలే. కానీ ముందు ఇనుము క్షయకరణం చెందింది, ఆ తర్వాత ఆర్సెనిక్ నీటిలోకి విడుదలైంది. ఒకచోట విషాన్ని కట్టడి చేసిన తరహా జీవే మరోచోట దాన్ని విడిపించింది. ఎలక్ట్రాన్ అందుకున్న లోహం కరుగుతుందా, గడ్డకడుతుందా, దాన్ని అంటిపెట్టుకుని మరేమైనా ఉందా అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

మన వరిమడుల్లోనూ ఈ చర్య ఏటా జరుగుతుంది. దమ్ము చేసి నీరు నిలిపితే మట్టిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. తర్వాత నైట్రేటు, మాంగనీస్, ఇనుము వంతు. ఇనుప ఆక్సైడ్లు కరిగేకొద్దీ వాటికి అంటుకున్న ఫాస్ఫేటు పైరుకు అందుతుంది. ఆర్సెనిక్ ఉన్న నేలలో అదీ అందుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెడితే గింజలో ఆర్సెనిక్ తగ్గుతుంది. కానీ కాడ్మియం ఉన్న నేలల్లో గింజలో కాడ్మియం పెరగవచ్చు. కాబట్టి నీటి యాజమాన్యం మీద ఊరంతటికీ ఒకే సలహా ఇచ్చేముందు ఆ మట్టిలో ఏ లోహాలు ఉన్నాయో పరీక్ష చేయించాలి. వ్యవసాయ, రసాయన విభాగాల విద్యార్థులు కలిసి చేయదగ్గ పని ఇది. ఈ సభలో ఉన్న మీరే దానికి పూనుకోవాలని కోరుతున్నాను.