కాగితపు మిల్లు, పరిశోధనశాల, మన సరుగుడు తోట



భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, లావేరు ప్రాంతాలలో గోగు, వేరుశనగ పండే గరువు భూములు చాలావరకు సరుగుడు, నీలగిరి తోటలైనాయి. కూలీల కరువు రోజులలో, కాపలా తక్కువగా వుండి, మూడు నాలుగేళ్లకు ఒక్కసారిగా డబ్బు చేతికిచ్చే పంట గదా! ఈ కర్రకు మేలురకాలు తయారుచేయడానికి శాస్త్రజ్ఞులు, మిల్లులవారు కలిసి పనిచేస్తున్నారు. అందులో రైతు వంతు ఏమిటో ఈ వేళ చెప్పుకుందాం.

రాజమండ్రి మిల్లుకైనా, మన పొరుగున ఒడిశాలోని రాయగడ మిల్లుకైనా మొదట్లో అడవి వెదురే ఆధారం. అడవి తరిగిపోయింది. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. 1989లో భద్రాచలం వద్ద సారపాక మిల్లువారు నీలగిరి క్లోనుల పరిశోధన ప్రారంభించారు. సరుగుడు విషయం కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ చేపట్టింది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల సహకారంతో పలు దేశాల విత్తనం తెప్పించి పరీక్షించారు. మనకు అలవాటైన సరుగుడును, ఇండోనేషియాకు చెందిన జుంగూనియానా జాతితో సంకరపరచి కొత్త క్లోనులు తీశారు.

క్లోను అనగా ఏమిటి? గింజ మొక్కలు అన్నదమ్ముల వంటివి. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. అట్లాకాక, మంచి చెట్టు లేత రెమ్మకు వేరు తెప్పించే మందు అద్ది, పాలిథిన్ గుడారంలో తేమ ఆరకుండా పెంచితే, వచ్చిన మొక్క అచ్చంగా తల్లిచెట్టే. తోటంతా ఒకే తీరుగా ఎదుగుతుంది.

చిక్కు కూడా ఇక్కడే వున్నది. ఒక మొక్కకు తగిలిన తెగులు అన్నిటికీ తగులుతుంది. నీలగిరి ఈనెలమీద, కాడలమీద బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ 2001లో దక్షిణ భారతంలో కనబడింది. కొన్ని క్లోనులు దానికి లొంగిపోయాయి, కొన్ని తట్టుకున్నాయి. లొంగే క్లోను ఒక్కటే వేసినవారి గతి ఏమిటో వేరే చెప్పాలా? సరుగుడులోనూ బెరడు పొక్కి చెట్టు ఎండిపోయే తెగులు వున్నది.

పైగా, ఎక్కడో నెగ్గిన రకం మన గాలికి నిలవాలని లేదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుఫాను మనం చూసినవే. పరిశోధనశాల ప్రయోగం మీ పొలంలోనే పూర్తి కావలసి వుంటుంది.

కాబట్టి నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మొక్కలు కొనేటప్పుడు క్లోను పేరు రసీదు మీద రాయించుకోండి. ఒకే క్లోను వేయక, రెండు మూడు క్లోనులు వేరువేరు పట్టీలుగా నాటండి. ఒక పట్టీలో గింజ మొక్కలు కూడా వుంచితే తేడా కళ్లకు కడుతుంది. అయిదడుగులకు ఒకటి చొప్పున ఎకరానికి సుమారు 1,740 మొక్కలు పడతాయి. నీరు నిలిచే పల్లం వద్దు. సరుగుడు వేళ్లబుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. దాన్ని నర్సరీలోనే పట్టించారా అని అడగండి.

కర్రను మిల్లు తూకంమీద కొంటుంది. కోసి ఆరబెట్టిన కొద్దీ తూకం తగ్గుతుంది. అందువల్ల బండి వచ్చే రోజు, బెరడు తీసే కూలి, కిరాయి ఎవరివో తేల్చుకున్న తరువాతే గొడ్డలి ఎత్తండి. నలుగురు రైతులు కలిసి మాట్లాడితే బేరానికి బలం వుంటుంది.

వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. ఏ క్లోను ఏ ఊళ్లో, ఏ నేలలో ఎట్లా వచ్చిందో, గాలివానకు ఎన్ని చెట్లు పడ్డాయో ఒక పుస్తకంలో రాసి, శాస్త్రజ్ఞులు వచ్చినప్పుడు చూపండి. మిల్లుకు తన లెక్క వుంటుంది, శాస్త్రజ్ఞునికి తన లెక్క వుంటుంది. రైతు లెక్క కూడా పక్కన చేరితేనే ఏ రకం మన నేలకు తగినదో తేలుతుంది.