బిడ్డ జబ్బు తల్లి తప్పా?

(మొయినాబాద్ మండలం చిన్న మంగళారంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డకు చెవిపోటు వచ్చినా, గొంతు వాచినా ఇంట్లో ముందు వినిపించే మాట "నువ్వేం తినిపించినవ్?" అని. మా పాపకు చెవి కారినప్పుడు, పరిశోధన పేరుతో ఊళ్లు తిరుగుతున్నానని నన్నూ అన్నారు. ఈ జబ్బులు సూక్ష్మక్రిముల వల్ల వస్తాయి. చిన్నపిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి సర్ది చెవికి పాకుతుంది. కట్టెల పొగ, బీడీ పొగ దాన్ని పెంచుతాయి. పొయ్యి మార్చే డబ్బు, బీడీ ఆపించే అధికారం ఇంట్లో ఎవరి చేతిలో ఉన్నాయి?

కారే చెవిలో నూనె పోయకండి. మెత్తటి శుభ్రమైన గుడ్డ వత్తితో ఆరబెట్టి డాక్టరుకు చూపించండి. "ఆడపిల్లే కదా" అని వదిలేస్తే వినికిడి తగ్గుతుంది. వినపడని పిల్లను బడిలో మొద్దు అంటారు. గొంతులో పొర, మెడవాపు ఉంటే కంఠసర్పి కావచ్చు. అది ప్రాణాంతకం. టీకా దాన్ని నివారిస్తుంది.

బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 ఉన్నా, దాటినా న్యుమోనియా కావచ్చు; వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా, చొంగ మింగలేకపోయినా, పెదవులు నీలమైనా మగవాళ్లు వచ్చేదాకా ఆగకండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108కి మీరే ఫోన్ చేయండి.

పల్లీగింజ, సీతాఫలం గింజ అడ్డంపడి బిడ్డ ఏడవలేక, దగ్గలేకపోతే ఏడాది లోపు బిడ్డను ముంజేతిపై తల కిందికి ఉండేలా బోర్లా పట్టి, వీపు మీద 5 సార్లు చరచండి. తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కండి. ఏడాది దాటితే వీపు మీద చరిచాక, వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి నొక్కాలి. గింజ బయటపడేదాకా మార్చి మార్చి చేయండి. కంటికి కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టకండి.

పశ్చిమ బెంగాల్లో ప్రమాదంలో గాయపడ్డ కూలీని ప్రభుత్వ ఆస్పత్రులు మంచాలు లేవని తిప్పిపంపాయి. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. కనుక రాత్రిపూట డాక్టరు, ఆక్సిజన్, మందులు ఉండాలని అడగడం బిచ్చం కాదు. నింద మోయడం మాని, కలిసి వెళ్లి అడుగుదాం.