ఇంటి విమానానికి రోటరీ ఇంజను - దాని తూకం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాడిని. అయినా మన సంఘంలో వర్క్‌షాపుల్లో పని చేసేవారూ, ఐ.టి.ఐ. చదివే కుర్రవాళ్లూ ఉన్నారు గనుక వారికి పనికివచ్చే ఒక యంత్ర విషయం చెప్పదలచినాను. స్వంతంగా విమానం కట్టుకునేవారిలో కొందరు అందులో రోటరీ ఇంజను బిగించుకుంటారు. ఆ ఇంజనుకు తూకం ఎట్లా కుదర్చాలన్నదే నేటి విషయం.

ఇంట్లో విమానమేమిటని నవ్వవద్దు. అమెరికాలో ఇట్లా కట్టుకునేవారి సంఘం 1953లోనే ఏర్పడినది. మన దేశంలో, ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మిద్దెమీద కట్టిన విమానం 2017లో రిజిస్టరయి, 2019లో ఎగరడానికి అనుమతి పొందినది. ఇది కట్టుకథ కాదని చెప్పడానికే ఈ మాట.

రోటరీ అనే పేరు రెండు రకాల యంత్రాలకు ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలలో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతోపాటు గిరగిర తిరిగే ఇంజన్లు ఉండేవి. నేను చెప్పేది దానిని గురించి కాదు. జర్మనీ దేశస్థుడు ఫెలిక్స్ వాంకెల్ ఊహించగా 1957లో తొలిసారి నడిచిన యంత్రం ఇది. జపాను మజ్దా కంపెనీ 1967 నుంచి దీనిని కార్లలో పెట్టి అమ్మినది. విమానాలు కట్టేవారు ఎక్కువగా వాడేది ఆ కంపెనీవారి 13బి అనే రెండు రోటర్ల ఇంజను. చిన్నది, కదిలే భాగాలు తక్కువ, పాత కార్లలోనుంచి దొరుకుతుంది.

దీని గొప్ప తెలియాలంటే మన పాత స్టీము ఇంజనును తలచుకోవాలి. మైసూరు రైల్వే మ్యూజియం చూసినవారికి గుర్తుండే ఉంటుంది: పెద్ద చక్రంలో ఆకుల మధ్య చంద్రవంక ఆకారంలో ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. అది అందం కోసం కాదు, కడ్డీల బరువుకు ఎదురు తూకం. కాని పిస్టను ముందుకూ వెనక్కూ కొట్టుకునేది. దిమ్మ గుండ్రంగా తిరిగేది. పిస్టను కుదుపును పూర్తిగా అణచాలని దిమ్మను పెంచితే, ఆ ఎక్కువ బరువు పైకీ కిందికీ లాగి పట్టాలను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. కాబట్టి అక్కడ తూకం ఎప్పుడూ రాజీయే.

రోటరీలో పిస్టను లేదు. వేరుసెనగ కాయ వంటి గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. ఇరుసు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక చుట్టు తిరుగుతుంది. రోటరు నడిబొడ్డు మాత్రం ఇరుసు మధ్యరేఖకు 15 మిల్లీమీటర్ల దూరంలో, ఇరుసు వేగంతోనే గుండ్రంగా పోతుంది. గుండ్రంగా పోయే బరువును గుండ్రంగా తిరిగే మరో బరువు పూర్తిగా సరిచేయగలదు. ఇక్కడ రాజీ అక్కరలేదు.

అయితే రెండు రోటర్లు ఎదురెదురు దిక్కులలో ఉన్నవి గదా, ఒకదానికొకటి సరిపోదా అని అడగవచ్చు. ఒక కర్ర రెండు చివరలనూ ఇద్దరు పట్టుకుని ఒకరు తూర్పుకూ, ఒకరు పడమరకూ సమానంగా లాగితే కర్ర ఎటూ పోదు గాని మెలితిరుగుతుంది. ఇంజనులోనూ అంతే. మా ఆఫీసు లెక్కలలో మొత్తం కూడిక సరిపోయినంత మాత్రాన ప్రతి పద్దూ సరి అని అనలేము గదా! ఆ మెలిని ఆపడానికే ఇరుసుకు ముందొకటి, వెనుకొకటి కౌంటర్‌వెయిట్లు ఉంటాయి.

బలమెంతో చూడండి. రోటరు 4 కిలోలనుకుందాం. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో అది సుమారు 2,400 కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంది. మధ్యరేఖకు 10 సెంటీమీటర్ల దూరంలో 5 గ్రాములు తేడా వచ్చినా ఆ వేగంలో 20 కిలోల బరువు ఊపినంత పని. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు.

పొరపాట్లు జరిగే చోట్లు ముఖ్యంగా రెండు. మాన్యువల్ గేరు కార్లలో వెనుక కౌంటర్‌వెయిటు ఫ్లైవీలులోనే కలిసి ఉంటుంది. విమానానికి బరువు దండుగ అని ఫ్లైవీలు తీసి, అంతటా ఒకే బరువున్న పలక బిగిస్తే తూకంలో సగం పోయినట్లే. అందుకే తెలిసినవారు ఆటోమాటిక్ కార్లకు వచ్చే విడి కౌంటర్‌వెయిటునూ, పలుచని పలకనూ వాడతారు. రెండవది, కంపెనీవారు ఏండ్లు గడిచినకొద్దీ రోటర్లను తేలిక చేసినారు. ఒక ఏటి రోటర్లకు మరో ఏటి కౌంటర్‌వెయిట్లు తగిలిస్తే, విడివిడిగా అన్నీ మంచి సామాన్లే, కలిస్తే చెడ్డ ఇంజను.

కాబట్టి పద్ధతి ఇది. రోటర్లు రెండూ సీళ్లు, బేరింగులతో సహా తూచి, సరిసమానం చేయాలి. వాటి బరువుకు సరిపడే గుండ్లను ఇరుసుమీద బిగించి, ముందు వెనుక కౌంటర్‌వెయిట్లతో కలిపి బాలెన్సింగు మిషనుమీద తిప్పాలి. నడిచేటప్పుడు రోటరు లోపల ఉండే చల్లబరచే ఆయిలు బరువును కూడా గుండ్లలో కలపాలి. బరువెక్కువ ఉన్న వైపు రంధ్రం వేసి తగ్గించాలి. ప్రతి అంకె కాగితంమీద రాసి ఉంచాలి.

తూకం అన్నిటికీ మందు కాదు. పేలుడు పేలుడుకూ ఇరుసు మెలిపడే అదురు వేరు. రిడక్షను గేరును విరిచేది తరచు అదే. ప్రొపెల్లరుకు తూకం విడిగా చూసుకోవాలి.

కారు ఇంజను అదిరితే పక్కన ఆపి చూసుకోవచ్చు. ఆకాశంలో పక్కన ఆపే చోటు లేదు. అదురు మెల్లగా బోల్టులను వదులు చేస్తుంది, పెట్రోలు గొట్టాన్ని చిట్లిస్తుంది. అందుకే మన కుర్రవాళ్లకు నా మనవి: విమానం కట్టినా కట్టకపోయినా, పంపయినా పిండిమరయినా, తిరిగే యంత్రం మీ చేతికి వస్తే ముందు తూచండి, రాసుకోండి, ఒక జతలోని సామాను ఇంకొక జతలో కలపకండి. ఈ అలవాటున్న పనివాడికి ఏ ఊరు పోయినా అన్నం దొరుకుతుంది. ఊరు వదలి వచ్చిన మనకు అది తెలియనిది కాదు.