విత్తుకు ముందే కొందాం

జపాన్‌లో నలుగురి డబ్బుతో పనులు మొదలుపెట్టే పద్ధతి బాగా నాటుకుంది. డబ్బు ముందు, వస్తువు తర్వాత. హిరోషిమా నేపథ్యపు ఒక యానిమేషన్ సినిమాకు 2015లో మూడు వేల మందికి పైగా ముందే డబ్బిచ్చారు. వాళ్లలో చాలామంది పేర్లు సినిమా చివర తెరపై కనిపించాయి. ఇది దానం కాదు, నమ్మకంతో ముందే కొనడం.

మన అనంతపురంలో 1969లో మొదలైన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీకి స్పెయిన్ సామాన్యుల చిన్న మొత్తాలే ఊతమయ్యాయి. అది దానం. ఇక ఇక్కడ ముందే కొనడమూ రావాలి. చెన్నేకొత్తపల్లి ధరణి సహకార సంఘం రైతుల చిరుధాన్యాలు అమ్ముతోంది. అలాంటి సంఘాలకు విత్తుకు ముందే డబ్బిస్తే రైతుకు వడ్డీ భారం తగ్గుతుంది. మరి వాన రాకపోతే? నిజమే, కరువు సీమ ఇది. అందుకే నష్టంలో వాటా ఎవరిదో ముందే చెప్పాలి. ఈసారి కొర్రలు పండాక కాదు, విత్తుకు ముందే కొనండి.