పెరుగుతున్న వడ్డీ రేట్లు – మన చేతిలోని చిన్న పొదుపు

(2023 మే నెల మొదటి వారంలో మహల్లా కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఆర్థికశాస్త్ర పండితులము కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా బిల్లులు రాసి, చలానాలు సరిచూసి, పింఛను కాగితాలు సిద్ధం చేసి విరమించినవారము. లెక్క తప్పితే ఎవరి కడుపు మాడుతుందో ఆ ఉద్యోగంలో చూశాము. అందుచేత ఈ రోజు లెక్కలే మాట్లాడతాము.

ఈద్ వెళ్లిన మూడో రోజున మా పేటలోని ఒక సోదరి మా ఇంటికి వచ్చింది. భర్త చనిపోయి రెండేళ్లయింది. ఆయన తాలూకు మూడు లక్షల రూపాయలు బ్యాంకు పొదుపు ఖాతాలో అలాగే ఉన్నాయి. వచ్చే సంవత్సరం కూతురి నికాహ్. వైద్యానికని ఆనాడు బయట తెచ్చిన యాభై వేల అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో ఇంకా నడుస్తూనే ఉన్నది. ఈలోగా ఎవరో వచ్చి, లక్షకు నెలకు మూడు వేలు "హలాల్ లాభం" ఇస్తాము, డబ్బు మాకివ్వండి అన్నారట. "భాయ్ సాబ్, వడ్డీలు పెరిగాయంటున్నారు. ఈ మూడు లక్షలు ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. ఆమెకు చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతున్నాము.

ముందుగా వడ్డీలు ఎందుకు పెరిగాయో చూద్దాము. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటును రెపో రేటు అంటారు. 2022 మే నెల ఆరంభంలో అది 4 శాతం. ధరల పెరుగుదలను అదుపు చేయడానికి ఆ నెల 4వ తేదీన 4.40 శాతానికి పెంచారు. తరువాత అంచెలంచెలుగా పెంచుతూ 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతానికి తెచ్చారు. ఈ ఏప్రిల్‌లో మాత్రం అక్కడే ఆపారు. ఇకపై పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. చెప్పగలమనే వారిని నమ్మవద్దు.

రెపో పెరిగినప్పుడు అప్పుల వడ్డీ వెంటనే పెరుగుతుంది, డిపాజిట్ల వడ్డీ మెల్లగా పెరుగుతుంది. పొదుపు ఖాతా వడ్డీ అయితే దాదాపు కదలనే కదలదు. పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకులో అది ఇప్పటికీ 2.70 శాతమే. ఈ మార్చిలో చిల్లర ధరల పెరుగుదల 5.66 శాతం. అంటే నిరుడు లక్ష రూపాయలకు వచ్చిన సరుకు ఇప్పుడు కొనాలంటే లక్షా ఐదు వేల ఆరు వందల పైచిలుకు కావాలి. పొదుపు ఖాతాలోని డబ్బు పాస్‌బుక్కులో పెరుగుతున్నట్టు కనిపిస్తూనే బజారులో తరిగిపోతున్నది. బీరువాలోని డబ్బు సంగతి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ సభలో వడ్డీని ముట్టనివారు ఉన్నారు. ఆ సొమ్మును తమకు వాడుకోకుండా, పుణ్యం ఆశించకుండా, పేదలకు ఇచ్చివేసేవారు ఉన్నారు. గత్యంతరం లేక తీసుకునేవారూ ఉన్నారు. దీనిపై ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. మీకు నమ్మకమున్న ఆలిమ్‌లను అడగండి. అయితే వడ్డీ వద్దనుకునేవారికీ ఈ లెక్క తెలియాలి. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

రెండు పక్షాలవారూ ఒప్పుకునే సలహా ఒకటున్నది. చేతిలో డబ్బుండి, నెత్తిమీద వడ్డీ అప్పుంటే, ముందు అప్పు తీర్చండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ సోదరి యాభై వేల అప్పుకు ఏడాదికి పన్నెండు వేలు కడుతున్నది. అదే యాభై వేలను పోస్టాఫీసులో ఏడాదికి వేస్తే వచ్చేది మూడు వేల ఐదు వందల లోపే. ఒక చేత్తో మూడున్నర వేలు తీసుకుంటూ, ఇంకో చేత్తో పన్నెండు వేలు ఇచ్చుకోవడం ఏ లెక్కకూ నిలవదు. రేట్లు పెరిగే కాలంలో అప్పు తీర్చడాన్ని మించిన పొదుపు లేదు. వడ్డీ ఇవ్వడం నుండి బయటపడటం ధర్మం దృష్టిలోనూ మేలే గదా.

అప్పు పోగా మిగిలిన డబ్బు సంగతి చూద్దాము. ఏడాది రెండేళ్లలో అవసరపడే డబ్బుకు మనముందున్న దారులు ఇవి.

మొదటిది పోస్టాఫీసు టైమ్ డిపాజిట్. ఈ ఏప్రిల్ 1 నుండి ఏడాదికి 6.8 శాతం, రెండేళ్లకు 6.9 శాతం. మూడు నెలలకొకసారి వడ్డీ కలిపి లెక్కగడతారు గనుక, లక్షకు ఏడాది చివర సుమారు 6,975 రూపాయలు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పూచీ ఉంటుంది. ఖాతా తెరిచిన నాటి రేటే గడువు తీరేదాకా నిలుస్తుంది. ఆరు నెలల లోపు డబ్బు తిరిగి రాదు. ఆరు నెలలు దాటి ఏడాది నిండకముందే తీస్తే పొదుపు ఖాతా వడ్డీ 4 శాతమే ఇస్తారు.

రెండవది బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్. నిరుడు ఆరంభంలో ఏడాది గడువుకు సుమారు 5 శాతం ఇచ్చిన పెద్ద బ్యాంకే ఈ ఫిబ్రవరి నుండి 6.80 శాతం ఇస్తున్నది. గడువును రోజులు, నెలల లెక్కన మనమే ఎంచుకోవచ్చు. ముందుగా తీస్తే అర శాతం నుండి ఒక శాతం దాకా కోత పడుతుంది. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే డిపాజిట్ బీమా వర్తిస్తుంది. చిన్న బ్యాంకు ఎక్కువ వడ్డీ చూపినప్పుడు ఈ ఐదు లక్షల గీతను మరువకండి.

మూడవది ఈ ఏప్రిల్‌లోనే వచ్చిన మహిళా సమ్మాన్ సేవింగ్స్ సర్టిఫికెట్. స్త్రీల పేరిట, ఆడపిల్లల పేరిట మాత్రమే తెరుస్తారు. రెండేళ్ల గడువు, 7.5 శాతం వడ్డీ, రెండు లక్షల పరిమితి. రెండు లక్షలు పెడితే రెండేళ్లకు 2,32,044 రూపాయలు అవుతుంది. ఏడాది తరువాత నలభై శాతం వరకు తీసుకోవచ్చు. 2025 మార్చి నెలాఖరు వరకే ఈ పథకం. మన ఇళ్లలో తల్లి పేరిట, భార్య పేరిట ఖాతా లేని కుటుంబాలెన్నో ఉన్నాయి. వాటికి ఇది మంచి ఆరంభం.

నాలుగవది ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు. 91, 182, 364 రోజుల గడువులతో వస్తాయి. 2021 నవంబరు నుండి సామాన్యులు కూడా రిజర్వు బ్యాంకు వద్ద నేరుగా ఖాతా తెరిచి, పది వేలతో మొదలుపెట్టి కొనవచ్చు. నూరు రూపాయల బిల్లును కొంత తక్కువకు కొని, గడువున నూరూ తీసుకుంటాము. కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటేనే ఇది సాధ్యం. పేరు మారినా ఆ తేడా కూడా వడ్డీయేనన్నది వద్దనుకునేవారు గమనించాలి.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్లది, నెలసరి ఆదాయ పథకమూ ఐదేళ్లదే. అవి మంచివే గాని, వచ్చే ఏటి అవసరానికి పనికిరావు. బంగారం సంగతి వేరు. ఈనాడు పది గ్రాముల ధర అరవై వేలు దాటింది. నగగా కొంటే తరుగు, మజూరీ, మూడు శాతం పన్ను పోతాయి. పెళ్లికి ఎలాగూ పెట్టవలసిన నగ అయితే కొనండి. ఏడాదిలో అమ్మి డబ్బు చేసుకుందామని మాత్రం కొనకండి.

రేట్లు పెరిగే కాలంలో అందరికీ వచ్చే సందేహం ఒకటి: ఇప్పుడే వేయాలా, ఇంకా పెరిగేదాకా ఆగాలా? ఆగినన్నాళ్లూ 2.70 శాతం దగ్గరే పడి ఉంటాము. మొత్తం ఒకేసారి పొడుగు గడువుకు వేస్తే, రేటు పెరిగినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుచేత డబ్బును మూడు భాగాలు చేసి, ఒకటి మూడు నెలలకు, ఒకటి ఆరు నెలలకు, ఒకటి ఏడాదికి వేయండి. ఒక్కొక్కటి తీరినప్పుడు ఆనాటి రేటు చూసి మళ్లీ వేసుకోవచ్చు. అకస్మాత్తుగా ఆసుపత్రి ఖర్చు వచ్చినా మొత్తం విరగ్గొట్టే పని ఉండదు.

పాత డిపాజిట్ రద్దు చేసి కొత్త రేటుకు మార్చుకోవాలా అని కూడా అడుగుతున్నారు. లక్ష రూపాయలు మూడేళ్లకు 5.5 శాతానికి వేశారనుకుందాము. ఏడాది గడిచింది. ఇప్పుడు తీస్తే, ఆనాటి ఏడాది రేటు 5.1 శాతం అనుకుంటే, అర శాతం కోత పోగా 4.6 శాతం ఇస్తారు. నష్టం సుమారు 900 రూపాయలు. మిగిలిన రెండేళ్లకు 6.9 శాతానికి వేస్తే ఏడాదికి 1,400 చొప్పున 2,800 అదనంగా వస్తుంది. మార్చుకోవడమే లాభం. అదే డిపాజిట్‌కు నాలుగు నెలలే మిగిలి ఉంటే, వచ్చే అదనం ఐదు వందల లోపు, పోయేది రెండు వేల పైన. కదపకూడదు. బ్యాంకు కౌంటరులో "ఈ రోజు తీస్తే చేతికెంత వస్తుంది?" అని అడిగి, కాగితం మీద రాయించుకుని ఇంటికి వచ్చి ఆలోచించండి.

ఇక "హలాల్ లాభం" మాట. లక్షకు నెలకు మూడు వేలంటే ఏడాదికి 36 శాతం. దేశంలో ఏ నిజాయితీ వ్యాపారం నెలనెలా తప్పకుండా అంత ఇవ్వగలదు? ఇస్లామీ వాణిజ్యంలో భాగస్వామికి లాభంతోపాటు నష్టంలోనూ పాలుంటుంది. నష్టమే లేదు, నెలకింత ఖాయం అన్నప్పుడు దానికి ఏ పేరు పెట్టినా అది ఆ వాణిజ్యం కాదు. 2018లో హైదరాబాదులో, 2019లో బెంగళూరులో ఇటువంటి పేర్లతో నడిచిన సంస్థలు చెల్లింపులు ఆపినప్పుడు వీధిన పడ్డవారిలో అధికులు మనవారే. గడ్డం చూసి, టోపీ చూసి, మసీదులో ముందువరుసలో నిలబడ్డాడని చూసి డబ్బిచ్చినవారు వారు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అనుమతి పత్రం చూపమని అడగండి. రిజిస్టరు కాని చీటీల విషయంలోనూ ఇదే మాట. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్ అప్పును పత్రంలో రాయించుకోవడం గురించినదని మనకు తెలుసు. రసీదు అడగడం అవతలివారిని అవమానించడం ఎంతమాత్రం కాదు.

ఇది మన హక్కుల మాట కూడా. ముస్లింలకు బ్యాంకు రుణాలు వారి జనాభాకు తగినంతగా అందడం లేదని 2006లో సచార్ కమిటీ తేల్చింది. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశమివ్వాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోవడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది. వడ్డీ వద్దనుకునే పేదవాడికి చట్టబద్ధమైన దారి మూసుకుపోయినప్పుడే మోసగాడి తలుపు తెరుచుకుంటుంది. కనుక ఆ కోరికను మనం వదలకూడదు. అంతవరకు, మహల్లాలో వడ్డీ లేని చేబదులు ఇచ్చే బైతుల్‌మాల్‌లను లెక్కలు సరిగా రాస్తూ, ఏటా పద్దులు అందరికీ చదివి వినిపిస్తూ నడుపుకోవాలి.

కొన్ని చిన్న జాగ్రత్తలు చెప్పి ముగిస్తాము. ప్రతి ఖాతాకు నామినీ పేరు రాయించండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ బ్యాంకు నుండి రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. తిరిగి రాబట్టవచ్చు గాని, వారసులు తిరగవలసి వస్తుంది. గడువు తేదీని ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ నలభై వేలు, వృద్ధులకైతే యాభై వేలు దాటితే పన్ను పట్టుకుంటారు. ఆదాయం పన్ను పరిధిలోకి రానివారు 15జి, వృద్ధులు 15హెచ్ పత్రం ఏటా ఇవ్వాలి. జూన్ 30 లోపు పాన్‌ను ఆధార్‌తో జత చేయకపోతే ఇరవై శాతం కోత పడుతుంది. ఈ పత్రాలు నింపడం రానివారు శుక్రవారం నమాజు తరువాత మసీదు పక్క గదికి రండి. పాస్‌బుక్కు తీసుకురండి. మేము, మరో ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు అక్కడ కూర్చుంటాము.

ఆ సోదరి ఏమి చేసిందో చెప్పాలి. మొదట యాభై వేల అప్పు తీర్చి, ప్రామిసరీ నోటు తిరిగి తీసుకుని మా ముందే చించివేసింది. యాభై వేలు ఖాతాలోనే అవసరానికి ఉంచుకున్నది. మిగిలిన రెండు లక్షలకు మహిళా సమ్మాన్ వడ్డీ ఎక్కువే గాని, నికాహ్ వచ్చే ఏడాదే గనుక రెండేళ్ల గడువు ఆమెకు సరిపడలేదు. పోస్టాఫీసులో ఏడాదికి రెండు ఖాతాలుగా వేసింది. ఏడాదికి సుమారు పదమూడు వేల తొమ్మిది వందల యాభై వస్తుంది. ఆ వడ్డీని ఏమి చేయాలో ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకుంటానన్నది. ఆ నిర్ణయం ఆమెది. అసలు మాత్రం బిడ్డ నికాహ్ నాటికి ఎక్కడికీ పోదు. మూడు వేల ఆశ చూపినవాడు మళ్లీ వస్తే అనుమతి పత్రం అడుగుతానన్నది. అతడు ఇంతవరకు రాలేదు.

వస్సలాం.